ఫొటో వెనక గీతలు

జులై 9

ప్రియమైన ఫొటోల మనిషికి,

మీరు పంపిన అట్టపెట్టె సోమవారం అందింది. పక్క వాటాలో ఉండే నర్సమ్మ ఆసుపత్రి డ్యూటీ దిగి వచ్చి మీ ఉత్తరం చదివిపెట్టింది. ఇది రాస్తున్నదీ ఆమే. నేను ఏది చెబితే అదే రాయాలని, మెత్తబరచకూడదని ముందే ఒట్టు వేయించుకున్నాను. కాబట్టి ఇందులో ఏ మాట గుచ్చుకున్నా అది నాది, ఆ పిల్లది కాదు.

నేను బాగానే ఉన్నాను. మోకాలు దాని పని అది చేసుకుంటోంది. కింద స్టూడియో అద్దెకు తీసుకున్న సెల్‌ఫోన్ల రిపేరతను మన బోర్డు దింపి తన బోర్డు పెట్టుకున్నాడు. మన షోకేసులో ఇప్పుడు ఫోన్ల తొడుగులు వేలాడుతున్నాయి. డార్క్‌రూమ్‌లో పాత పరుపులు పెట్టాం. ప్రింట్లు ఆరేసే తీగ మాత్రం ఎవర్నీ తియ్యనివ్వలేదు. మీ మూడు ఫొటోల్నీ ఆ తీగకే క్లిప్పులు పెట్టి వేలాడదీసి, వచ్చేపోయేటప్పుడల్లా చూశాను.

ఎలా ఉన్నాయో చెప్పమన్నారు. వినండి.

మొదటి దాంట్లో చెట్లన్నీ పిండిలో పొర్లించి తీసినట్టున్నాయి. ఆకాశం తారు, నీళ్ళు సిరా. నాకు తెలిసిన చెట్టు పచ్చగా ఉంటుంది, నలుపూ తెలుపూ ఫొటోలో అయితే బూడిదరంగులో ఉంటుంది. తెల్లగా ఉంటే అది బూజు పట్టిన చెట్టు. డెబ్బై రెండేళ్ళ మనిషి పెట్టె సర్దుకుని, పెళ్ళాన్ని వదిలి, చెల్లెలింటికి పోయి ఎనిమిది నెలలుగా చేస్తున్నది ఈ బూజు పట్టించడమేనా?

రెండో దాంట్లో రిజర్వాయరు గట్టు ఎడమకు జారింది. మీ భుజం ఎప్పుడూ ఆ పక్కకే వాలుతుంది. నడిచేటప్పుడూ అంతే, పడుకునేటప్పుడూ అంతే. మూడో దాంట్లో బండ మీద మేక బాగుంది. కానీ మేక కోసం అంత దూరం పోనక్కర్లేదు.

మూడింటి వెనకా మన పద్ధతిలో పెన్సిల్ గుర్తు పెట్టి పంపుతున్నాను. ఈ గీతలేమిటని నర్సమ్మ అడుగుతోంది. మీకు తెలిసిందే అయినా తను రాస్తానంటోంది, రాసుకోనీండి. ఒక గీత అంటే మళ్ళీ చెయ్యాలి. రెండు గీతలంటే పారెయ్యాలి. సున్నా చుడితే ఇక ఆ ప్రింటు మీ చేతికి తిరిగి రాదు, నేరుగా షోకేసులోకి పోతుంది. అక్షరం ముక్క రాని నేను ముప్పై ఎనిమిదేళ్ళు ఈ మూడు గుర్తులతోనే ఒక స్టూడియో నడిపించాను. మీరు తీశారు, నేను తేల్చాను.

మేకకి ఒక గీత. మిగతా వాటికి రెండేసి.

వేళకు తినండి. మీ చెల్లెలి మీద అరవకండి, ఆమె నాలాగా తిరిగి అరవదు.

ఇట్లు,
మీ ఇంటి మనిషి


జులై 20

ప్రియమైన జడ్జిగారికి,

తీర్పు అందింది. గట్టు జారిన మాట నిజమే. ఇన్నాళ్ళు చూస్తూ నాకే తట్టలేదు. ఇప్పుడు కెమెరా స్టాండు మీద మట్టం చూసే నీటిబుడగ గొట్టం ఒకటి బిగించాను. భుజానికి మాత్రం ఏమీ బిగించలేను.

తెలుపు గురించి ఒక్కమాట. అది బూజు కాదు. ఎరుపు దాటాక మన కంటికి కనపడని వెలుగు ఒకటుంది, ఇన్‌ఫ్రారెడ్ అంటారు. పచ్చటి ఆకు ఆ వెలుగును అద్దంలా తిప్పికొడుతుంది. నీళ్ళు దాన్ని మింగేస్తాయి. నా కెమెరా ముందున్న నల్ల అద్దం మిగతా వెలుగునంతా ఆపేసి దాన్ని ఒక్కదాన్నే లోపలికి పంపుతుంది. అందుకే ఆకులు తెలుపు, నీళ్ళు నలుపు. ఆకు ఎంత నిండుగా బతికి ఉంటే అంత తెలుపు. ఎండిపోతున్న చెట్టు మనకి ఇంకా పచ్చగానే కనపడుతున్నా ఇందులో చాలాసార్లు ముందే నల్లబడుతుంది.

నీకు గుర్తుందో లేదో, స్టూడియో పెట్టిన కొత్తల్లో ఈ వెలుగు కోసమే ఒక ఫిల్ము రోలు తెప్పించాను. ఇద్దరం బస్సెక్కి కొండ కిందికి వెళ్ళాం. స్టాండు నువ్వే మోశావు. తీరా చూస్తే రోలు నల్లబడింది. ఎలా ఉందని అడిగితే, "మీకు ఎండ లెక్క తెలియదు, చెట్లూ నీళ్ళూ మీ వల్ల కాదు, మొహాలు తీసుకోండి" అన్నావు. అన్నేళ్ళూ మొహాలే తీశాను. దెప్పడానికి రాయడం లేదు. ఆ లెక్క ఈ వయసులోనైనా వచ్చిందో లేదో తేల్చగలిగేది నువ్వొక్కదానివే.

ఇక్కడి ఫొటోల సంఘం వాళ్ళు లైబ్రరీ హాల్లో ప్రదర్శన పెడుతున్నారు. అక్టోబరు ఒకటిలోగా ఇవ్వాలి. నా ఎనిమిదింటికి ఒక గోడ ఖాళీగా ఉంచుతామన్నారు. ఆ ఎనిమిదీ వచ్చే నెలాఖరుకి నీకు పంపుతాను. ఒక్కదానికి నువ్వు సున్నా చుట్టినా అన్నీ ఇస్తాను. లేకపోతే ఆ గోడ ఇంకెవరికైనా ఇచ్చుకుంటారు.

నర్సమ్మకి నా కృతజ్ఞతలు. నీ మాటలు మెత్తబడకుండా అందుతున్నాయి.

నీ,
ఫొటోల మనిషి


సెప్టెంబరు 14

ప్రియమైన ఫొటోల మనిషికి,

ఎనిమిదీ అందాయి. చూశాను.

ముందు పాత రోలు సంగతి. నాకేమీ గుర్తులేదు. ఇన్ని వేల రోల్స్ చేతుల్లోంచి పోయాయి, ఏ రోలని గుర్తుపెట్టుకుంటాను? నల్లబడితే నల్లబడి ఉంటుంది. దాన్ని ఇప్పుడు తవ్వడం దేనికి?

ఇక ఫొటోలు. ఒకటీ రెండూ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి, ఒకటి తీస్తే సరిపోయేది. మూడో దాంట్లో గాలికి కొమ్మ కదిలింది. నాలుగో దాని నడుమ పళ్ళెమంత తెల్లమచ్చ ఉంది, మీ లెన్సు లోపల వెలుగు ఎక్కడో కొట్టుకుంటోంది. ఆరులో ఆకాశం మరీ నలుపు, చూస్తే ఊపిరాడదు. ఏడులో మబ్బులు తప్ప ఏమీ లేదు. ఎనిమిదో దాంట్లో ఆ పడవ ఎందుకుందో దానికే తెలియదు.

ఐదోదాన్ని గురించి చెప్పడానికేమీ లేదు.

ఎనిమిదింటికీ రెండేసి గీతలు. మీరు అడిగారు, నేను చెప్పాను. ఇంకొకరెవరైనా అయితే పెద్దమనిషి అని మొహమాటపడి మెచ్చుకుంటారు, రేపు ఆ హాల్లో నలుగురూ వెనక నవ్వుకుంటారు. నాకు ఆ మొహమాటం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

వానలు మొదలయ్యాయి. గట్టు మీద జారేరు. ఫొటోలు తీసింది చాలు, ఇంటికి వచ్చెయ్యండి అని నేను అనను. మీకే తోచాలి.

ఇట్లు,
మీ ఇంటి మనిషి

(అయ్యా, ఇది ఆమె చెప్పింది కాదు. ఒట్టు తప్పుతున్నాను. మిగతా ఏడు ఫొటోలు తీగ మీద ఒక్కరోజే ఉన్నాయి. ఐదోది నాలుగు రోజులు ఉంది. - నర్సు)


నవంబరు 28

ప్రియమైన జడ్జిగారికి,

ఉత్తరం ఆలస్యమైంది. రాయడానికి విశేషాలేమీ లేవు. నాకు కులాసాగానే ఉంది. చెల్లెలు నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ఫొటోలు ఇవ్వలేదు. సంఘం సెక్రటరీ రెండుసార్లు ఇంటికి వచ్చాడు. "మా ఆవిడ చూసి వద్దంది" అంటే నవ్వాడు. అతనికి నవ్వులాటగా ఉంది. నీ చేతి గీత సంగతి అతనికేం తెలుసు? పోయిన వారంతో ప్రదర్శన అయిపోయింది. నాకు ఉంచిన గోడ మీద ఎవరివో పక్షులు పెట్టారు. పక్షులు బాగున్నాయి.

నర్సమ్మ రాసిన ముక్క చదివాను. ఐదోదాంట్లో తప్పులు మరీ ఎక్కువై, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నాలుగు రోజులు చూశావనుకున్నాను.

అప్పుడు నువ్వు చెప్పిందే ఇప్పటికీ నిజం. నాకు ఆ లెక్క రాలేదు. కెమెరా పెట్టెలో పెట్టేశాను. ఇక్కడ చెల్లెలికి కూరగాయల మడి పని ఉంది, అది చూసుకుంటున్నాను. ఇంటికి ఎప్పుడు రావాలో ఇంకా అనుకోలేదు. వస్తే ఏం మొహం పెట్టుకుని రావాలో కూడా అనుకోలేదు.

నీ,
ఫొటోల మనిషి


డిసెంబరు 5

ప్రియమైన మీకు,

ఈ ఉత్తరం చెప్పడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. మొదటి రెండు రోజులూ నర్సమ్మ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది, నేను పప్పుల ధరలు మాట్లాడి పంపించేశాను. ఈ రోజు ఆమె తలుపు గొళ్ళెం పెట్టి, "బామ్మా, ఆసుపత్రిలో ఇంతకంటే పెద్దవి విన్నాను, చెప్పండి" అంది. సరే, వినమనండి. చదువు రాని దానికి మొగుడితో గుట్టుగా మాట్లాడుకునే భాగ్యం కూడా ఉండదు. ప్రతి మాటకీ మధ్యలో ఒకళ్ళుండాలి.

ఆ రోలు నాకు గుర్తుంది.

కొండ దగ్గర్నుంచి మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. ఒళ్ళంతా దుమ్ము. మీరు స్నానానికి వెళ్ళారు. మీరు వచ్చేసరికి రోలు డెవలపింగ్ డబ్బాలోకి ఎక్కించి ఉంచుదామని, మెచ్చుకుంటారని, నేను సంచీ తీశాను. మామూలుగా ఏం చేస్తానో అదే చేశాను. రోలు దాచిన రేకు డబ్బా మూత విప్పి, ఫిల్ము నాలుక బయటికుందా లోపలికి పోయిందా అని కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి చూశాను. మిగతా ఏ రోలుకైనా అలా చూస్తే ఏమీ కాదు, దీనికి మాత్రం ఆ నాలుక వెంటే వెలుతురు లోపలికి పాకుతుందట. డబ్బా మూత మీద మీ చేత్తో రాసిన చీటీ ఉంది. తారీఖో, కొట్టు పేరో అనుకున్నాను. మీ అడుగుల చప్పుడు వినగానే మూత పెట్టి, టేపు మళ్ళీ అంటించాను. మీ పనిలో చెయ్యి పెట్టానని అంటారేమోనని, అంతే. అప్పటికి అది తప్పని కూడా నాకు తెలియదు.

రోలు కడిగాక మీరు దాన్ని పట్టుకుని ఆ చీటీ పైకి చదివారు. "పూర్తి చీకట్లో తప్ప మూత తియ్యకూడదు అని నేనే రాసుకున్నాను. అలాగే తీశానే" అన్నారు. అప్పుడు తెలిసింది నాకు. ఇంతలో మీరు నా వైపు తిరిగి, "ఎలా ఉంది, ఏమైందంటావు?" అన్నారు. నిజం నాలుక చివర దాకా వచ్చింది. దాన్ని మింగి, మీకు లెక్క తెలియదన్నాను. మీరు నమ్మారు.

నా పక్షం కూడా ఉంది, వినండి. ఆ చీటీ ఎవరికి రాశారు? ఇంట్లో ఉన్నది ఇద్దరం. మీకు తెలిసిన సంగతికి మీకు చీటీ అక్కర్లేదు. నాకా చదవడం రాదు. నోటితో ఒక్కమాట చెబితే నీళ్ళు తాగినంత సేపు పట్టేది కాదు. నా ముందు అందరూ చీటీలు అంటిస్తారు, మీరూ అంటించారు. ఈ వాదన ముప్పై ఎనిమిదేళ్ళుగా నూరుకుంటున్నాను. మీకు వినిపిస్తే మీరు నోరెత్తలేరు. అయినా ఎన్నిసార్లు నూరినా చివర ఒకచోట మొండిగా ఆగిపోతుంది. మూత తియ్యడం తెలియక చేశాను. "మీ వల్ల కాదు" అన్నది తెలిసే అన్నాను.

మీరు మొహాలు తీస్తుంటే పక్కన నిలబడి చూశాను. పెళ్ళికూతుళ్ళకీ పసిపిల్లలకీ సున్నాలు చుట్టాను. మీరు ఒక్కోసారి ఆదివారం పూట కిటికీలోంచి ఎదురింటి చెట్టు వైపు వేళ్ళతో చట్రం కట్టి చూసేవారు. నేను వంటగదిలోకి పోయేదాన్ని.

ఇప్పుడు మీ ఎనిమిది ఫొటోలు వచ్చాయి. అవి బాగోకపోతే నేను అప్పుడు అన్నది నిజమైపోతుంది, నా మీద నేరం ఉండదు. బాగుంటే నేను దొంగని. రెండు గీతలు గీసింది నా కన్ను కాదు, ఆ భయం.

నా తీర్పు నేనే కొట్టేస్తున్నాను. రాయి నర్సమ్మా, వరసగా రాయి. నాలుగో దాంట్లో తెల్లమచ్చ నిజం, దానికి ఒక గీత. మూడో దాంట్లో కొమ్మ కదలడమే అందం. ఆరులో ఆకాశం అంత నల్లగా ఉండబట్టే చెట్టు అంత వెలిగింది. పడవ లేకపోతే ఎనిమిదోది వట్టి నీళ్ళు.

ఐదోది. గట్టు వెంట పదకొండు చెట్లు, లెక్కపెట్టాను. పదీ మల్లెపూవుల్లా తెల్లగా ఉన్నాయి. చూపు వాటి వెంటే నడుస్తూ పోతుంది. చివరి చెట్టు ఒక్కటీ నల్లగా ఉంది. ఆకులన్నీ ఉన్నాయి, నిలబడే ఉంది, పక్కవాటికి తెలియదు. మీరు రాసింది గుర్తొచ్చింది. అక్కడికొచ్చాక నేను తీగ కింద పరుపుల మీద కూలబడ్డాను. అలాంటి ఫొటో మన షోకేసులో ఎన్నడూ పెట్టలేదు. దాన్ని చూసి నోరు మూసుకున్నాను.

వచ్చే ఏడు కూడా ఆ హాలు ఉంటుంది, ఆ గోడా ఉంటుంది. ఎనిమిదీ మళ్ళీ నాకు పంపండి. వెనక గీతలు రబ్బరుతో చెరిపేస్తాను.

తిట్టాలనుంటే తిట్టండి. నర్సమ్మ చదువుతుందని తగ్గించకండి.

ఇట్లు,
మీ ఇంటి మనిషి


డిసెంబరు 19

ప్రియమైన జడ్జిగారికి,

నీ ఉత్తరం మడిలో నిలబడే చదివాను. చేతులు కడుక్కోలేదు, కాగితానికి మట్టి అంటింది.

ముందు చెడ్డ సంగతి చెప్పేస్తాను. ఎనిమిదీ పంపమన్నావు. పంపడానికి లేవు. రెండు గీతలంటే పారెయ్యాలి. అది మన పద్ధతి, ఎప్పుడూ నిన్ను రెండోమాట అడగలేదు. సెప్టెంబరులో నీ కవరు విప్పిన రోజే ఎనిమిదీ చింపేశాను. కెమెరా కార్డులోంచి కూడా తుడిచేశాను. మళ్ళీ తీద్దామంటే గట్టు వెడల్పు చెయ్యడానికి ఆ చెట్ల వరస మొత్తం కొట్టేశారు. ఐదోదాని గురించి నువ్వు చెప్పింది మూడుసార్లు చదివాను. ఆ ఫొటో ఇప్పుడు నీ ఉత్తరంలోనే ఉంది. ఇంకెక్కడా లేదు.

దీనికి నిన్ను తిడతానని చూస్తున్నావు. తిట్టే అర్హత నాకు లేదు. ఎందుకో విను.

రోలు వెలుతురు చూసిందని నాకు అదే రోజు తెలుసు. టేపు వంకరగా అంటించి ఉంది. నేను ఎప్పుడూ అంచుకి అంచు కలిపి అంటిస్తాను. చీటీ పైకి చదివింది నీకు వినపడాలనే. నువ్వే చెబుతావని చూశాను. నువ్వు చెప్పలేదు.

ఇంకొకటి కూడా తెలుసు. రోలు మొత్తం పోలేదు. వెలుతురు పైచుట్లను తినేసింది, లోపలి చుట్ల దాకా పోలేదు. చివర తీసిన నాలుగు ఫొటోలు మిగిలాయి. మర్నాడు నువ్వు బజారుకెళ్ళినప్పుడు అందులో ఒకటి ప్రింటు వేశాను. మసక. నాలుగూ మసకే. లెన్సు మీద ఈ ఫిల్ము కోసమే ఒక ఎర్రచుక్క ఉంటుంది. ఫోకస్ కుదిరాక, మళ్ళీ ఆ చుక్క దాకా తిప్పాలి. నేను మర్చిపోయాను. నువ్వు ఆ మూత తియ్యకపోయినా ముప్పై ఆరు ఫొటోలూ మసకగానే వచ్చేవి. నువ్వు అబద్ధమనుకుంటూ అన్న మాట నిజమే. నాకు లెక్క తెలియలేదు.

ఆరోజే నీకు చెప్పి, ఇంకో రోలు తెప్పించుకుని, చుక్క దాకా తిప్పి తియ్యొచ్చు. తియ్యలేదు. మళ్ళీ తప్పితే ఈసారి నెపం వెయ్యడానికి ఎవరూ ఉండరు కదా. మొహాలు తీసి విసుగొచ్చినప్పుడల్లా, 'ఈవిడ పాడుచెయ్యకపోతేనా' అనుకునేవాణ్ణి. హాయిగా ఉండేది. నువ్వు వంటగదిలోకి పోవడం నేను చూడలేదనుకున్నావా? చూసేవాణ్ణి. పోనిచ్చాను.

చీటీ గురించి నీ వాదనే నెగ్గింది. నీకు చదవడం రాదని తెలిసీ రాశాను. నోటితో చెప్పాలని తోచలేదు. ఇన్నేళ్ళలో నీకు అక్షరాలు నేర్పాలని కూడా తోచలేదు. మూడు గుర్తులతో సరిపెట్టేశాను.

ఆ ప్రింటు ఇన్నాళ్ళూ లెన్సుల పెట్టె అడుగున ఉంది. దీంతో పంపుతున్నాను. కొండ, నీళ్ళు, స్టాండు సంచీ భుజాన వేసుకుని నువ్వు. ఆరోజు నువ్వు కట్టుకున్నది నల్లచీర. ఈ వెలుగులో తెల్లగా వచ్చింది. వెనక ఖాళీగా ఉంది. దీనికింకా తీర్పు రాలేదు.

నీ,
ఫొటోల మనిషి


జనవరి 3

ప్రియమైన ఫొటోల మనిషికి,

మీ ఉత్తరం చదివి నర్సమ్మ దాన్ని మడిచి పక్కన పెట్టేసింది. నేనే లేచి ఆమెకి మంచినీళ్ళిచ్చాను. ఆ తరవాత మిమ్మల్ని నేను తిట్టిన తిట్లు రాయనంది. ఒట్టు గుర్తుచేసినా రాయనంది. అవి మీరు వచ్చాక నోటితోనే చెబుతాను, నోటితో చెప్పాలని మీకు తోచలేదు కదా, నాకు తోచింది.

టేపు వంకర చూసి కూడా ఊరుకున్నారు. నేను అబద్ధం మోశాను, మీరు నిజం మోశారు. ఇద్దరం ఒకే గదిలో మొహాలు ఆరేసుకుంటూ బతికాం. ఒకళ్ళు దింపితే రెండోవాళ్ళూ దింపేవాళ్ళు.

ఐదో ఫొటో కోసం నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. కళ్ళు మూసుకుంటే పదకొండు చెట్లూ ఉన్నాయి. నేనున్నన్నాళ్ళూ ఉంటాయి. అంతే.

మీ పాత ప్రింటు తీగకి వేసి చూశాను. అభిప్రాయం అడిగారు. ఫోకస్ తప్పింది. కొండ అంచు రెండుగా ఉంది. నీళ్ళ దగ్గర ఫిల్ము గింజ ఇసకలా తేలింది. ఆడమనిషి మొహంలో కళ్ళెక్కడో ముక్కెక్కడో తెలియదు. ఎడమవైపు జారింది కూడా. ఇవన్నీ నిజాలు, ఈసారి ఒక్కటీ కల్పించలేదు.

ఆ మనిషి మాత్రం చెట్లతో సమానంగా తెల్లగా ఉంది. అంత బరువు మోస్తూ అంత వెలుగు ఎక్కడిదో నాకు తెలియదు. అప్పటికి ఆమె ఇంకా మూత తియ్యలేదు.

సెల్‌ఫోన్ల అతను మొదట గునిశాడు. షోకేసులోంచి ఫోన్ల తొడుగులు రెండు వరసలు తీయించాను. దారినపోయేవాళ్ళు ఆగి ఎవరీమె అని అడుగుతున్నారట. మసగ్గా ఉంది, ఎవరో తెలియదని చెబుతున్నాడట. నేనూ చెప్పలేదు.

కవర్లో ప్రింటు కోసం వెతక్కండి, లేదు. చూసుకోవాలనుంటే వీధిలో నిలబడి అద్దంలోంచి చూసుకోవాల్సిందే.

ఇట్లు,
మీ జడ్జి